మా ఇంటి మిక్సీని మర్చిపోయారు
మీ వ్యాసంలో రాజకీయ పార్టీలను పాడైపోయిన ఫ్రిజ్‌తో, గాలి రాని ఫ్యాన్‌తో పోల్చారు, బాగుంది. కానీ విజయనగరంలో మా ఇంటి మిక్సీని వదిలేశారండీ! చప్పుడు వీధి చివరి దాకా వినిపిస్తుంది, మూత తీసి చూస్తే కొబ్బరి ముక్కలు ముక్కల్లాగే ఉంటాయి. మా భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వం శంకుస్థాపన చేసింది, 2023 మేలో ఇంకో ప్రభుత్వం మళ్లీ చేసింది. ఒకే స్విచ్ రెండుసార్లు నొక్కినట్టు. ఇక పార్టీలు మారే నాయకులంటారా, వాళ్లు టూపిన్ ప్లగ్గులు, ఏ సాకెట్‌లోనైనా దూరిపోతారు. మొన్న రిపేరు కుర్రాడొచ్చి మిక్సీ విప్పాడు. "మోటారు బాగానే తిరుగుతోంది మేడం, కప్లర్ అరిగిపోయింది. ఆ తిరుగుడు బ్లేడు దాకా రావట్లేదు" అన్నాడు. పేపర్ చదువుతున్న మా ఆయన తలెత్తకుండానే, "అచ్చం బడ్జెట్‌లాగే" అన్నారు.