తప్పు అనడానికి నోరు రాదా?

పల్నాడు జిల్లా రెంటపాళ్లకు 2025 జూన్‌ 18, బుధవారం మాజీ ముఖ్యమంత్రి వైఎస్‌ జగన్‌మోహన్‌రెడ్డి వెళ్లింది పరామర్శకు. ఏడాది కిందట ప్రాణం తీసుకున్న తమ పార్టీ నాయకుడి కుటుంబాన్ని ఓదార్చి, ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించడానికి. చావింటికి పోయే ఊరేగింపులో పైకి లేచిన ప్లకార్డు మాత్రం మరో చావుల జాబితా చదివింది. 2029లో అధికారం రాగానే, గంగమ్మ జాతరలో వేట తలలు తెగినట్టు ‘రప్పా రప్పా’ నరుకుతామన్నది దాని సారాంశం. రాష్ట్రమంతా ఆ ఫొటో చూసింది కాబట్టి దాన్ని ఇక్కడ మళ్లీ వర్ణించాల్సిన పని లేదు.

ప్లకార్డు కంటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఆ మరుసటి రోజు జరిగినది. విలేకరులు దాని గురించి అడిగినప్పుడు జగన్‌ ఖండించలేదు. అది ‘పుష్ప’ సినిమాలో మాట అన్నారు. సినిమా డైలాగు చెప్పినా తప్పేనా, మనం ప్రజాస్వామ్యంలోనే ఉన్నామా అని ఎదురు ప్రశ్న వేశారు. ప్లకార్డు పట్టుకున్న కుర్రాడికి తెలుగుదేశం సభ్యత్వం ఉందనీ చెప్పారు. ఆ మాట నిజమే అనుకుందాం. అప్పుడైతే మరీ తేలిగ్గా తప్పు అనేయవచ్చు కదా? పరాయి పార్టీ వాడు తన ఊరేగింపులో దూరి నరుకుతామని బెదిరించాడని మండిపడవచ్చు కదా? ఆయన మండిపడలేదు. ఐదేళ్లు ముఖ్యమంత్రిగా చేసిన నాయకుడు, రేపు మళ్లీ ఆ కుర్చీ అడగబోయే నాయకుడు, నరుకుతామన్న మాటను తప్పు అనలేదు. మా అభ్యంతరమంతా ఇక్కడే.

ఆ కుర్రాణ్ని పోలీసులు అరెస్టు చేశారు. ఒక ప్లకార్డుకే అరెస్టు చేస్తారా అన్న వాదనలో కొంత న్యాయం ఉంది. పోలీసుల చురుకుదనం అధికార పక్షం వైపు తిరిగినప్పుడు మందగిస్తుందన్న ఫిర్యాదు కూడా కొత్తదేమీ కాదు. కానీ కుర్రాడి మీద కేసు నిలుస్తుందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. నాయకుడి నోటి నుంచి రావాల్సిన మాట గురించి మేము అడుగుతున్నాం. దానికి ఏ కోర్టూ అడ్డు లేదు.

ముందు గంగమ్మ తల్లి పేరు సంగతి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర అంతకు ముందు నెల, 2025 మేలోనే ముగిసింది. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఆ కథ కంఠతా వచ్చు. ఊరి ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడు ఒకడుండేవాడు. గంగమ్మ మీదా చెయ్యి వేయబోయి ఆమె విశ్వరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని పట్టుకోవడానికి తల్లి రోజుకో వేషం కట్టింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అన్నీ అయ్యాక దొర వేషంలో వస్తే, నిజంగా దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికొచ్చాడు. అప్పుడు తల నరికింది. ఏటా ఆ వారం రోజులూ తిరుపతి మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, పూలు ముడుచుకుని, ముఖాన పసుపు పూసుకుని వీధుల్లో నడుస్తారు. ఆడదాని కోపం ముందు మగతనం తల వంచే పండుగ అది. తిరుమల శ్రీవారి తరఫున చెల్లెలికి సారె వచ్చే పండుగ. చివరి రోజు అమ్మవారి మట్టి రూపం చెంప నరికాక, ఆ మట్టి కోసం భక్తులు ఎగబడతారు. ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటారు. దాంతో ఉగ్రం ముగుస్తుంది, వేషాలు విప్పుతారు, ఊరు మామూలు పనుల్లో పడుతుంది.

అంటే ఆ కథలో కత్తికి ఒక కారణం ఉంది, ఒకే ఒక్క శత్రువు ఉన్నాడు, ఒక ముగింపు ఉంది. కత్తి పట్టింది అధికారం పోయిన వర్గం కాదు, అధికారం చేతిలో నలిగిన ఆడది. రెంటపాళ్ల ప్లకార్డు ఆ తల్లి చేతిలోంచి కత్తిని లాక్కుని పార్టీ కార్యకర్తకు ఇచ్చింది. పాలెగాడి స్థానంలో పక్క పార్టీకి ఓటేసిన పొరుగింటివాణ్ని నిలబెట్టింది. నిజం చెప్పాలంటే పాలెగాడి పక్షాన చేరి గంగమ్మ పేరు వాడుకుంది. అమ్మవారి భక్తులెవరైనా దీన్ని అపచారం అనే అంటారు. దేవుడి విషయంలో మాట తూలితే రాష్ట్రాన్ని అట్టుడికించే సంఘాలన్నీ ఈ అపచారం దగ్గర ఎందుకు మౌనంగా ఉన్నాయో మాకు అంతుపట్టడం లేదు.

ఇక సినిమా. తెర మీది నెత్తురంతా తుడిచేయాలని మేము ఎన్నడూ అడగలేదు, ఇప్పుడూ అడగం. నెత్తురు లేని భారతం లేదు. రాత్రివేళ శిబిరంలో దూరి నిద్రపోతున్న ఉపపాండవుల గొంతులు కోసిన అశ్వత్థామ కథను తెలుగువాళ్లు శతాబ్దాలుగా చదువుకుంటున్నారు. పోతన భాగవతంలో ద్రౌపది అతణ్ని నిలదీస్తుంది. వాళ్లు నీ మీదికి కోపంతో రాలేదు, ఆయుధాలు పట్టి యుద్ధభూమిలో లేరు, నీకు రవ్వంత ద్రోహం చేయలేదు, నిద్రపోతున్న పసివాళ్లను చంపడానికి ‘నీ చేతు లెట్లాడెనో’ అని అడుగుతుంది. ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న తల్లి అంతటితో ఆగదు. ఇతణ్ని చంపితే ఇతని తల్లి కృపి కూడా నాలాగే ఏడుస్తుంది, విడిచిపెట్టండి అంటుంది. హింసను చూపిన కథే హింసకు జవాబు కూడా అడిగింది. పల్నాడు గడ్డ మీద ఏటా కార్తికంలో కారెంపూడి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. దాయాదులు ఒకరినొకరు చంపుకుని చివరికి ఎవరికీ ఏమీ మిగలని కథ అది. అక్కడి పిల్లలకు ఈ సంగతి సినిమా వాళ్లు చెప్పాల్సిన అవసరం లేదు.

ప్లకార్డు మాటను అరువు తెచ్చుకున్న ‘పుష్ప 2’ సినిమాలో సైతం జాతర ఘట్టంలో హీరో విరుచుకుపడేది ఇంటి ఆడపిల్లను అవమానించినవాళ్ల మీద. కథలోంచి కారణాన్ని పీకేసి, నరకడం ఒక్కటే మిగుల్చుకుని ఊరేగింపుకు తెచ్చినవాళ్లది ఆ నేరం. కానీ పరిశ్రమ కూడా చేతులు దులుపుకుంటామంటే కుదరదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన దగ్గర్నుంచి రాయలసీమ అంటే వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు అన్న ముద్ర వేసి ఏళ్ల తరబడి అమ్ముకున్నారు. నీళ్ల కోసం, ఉద్యోగాల కోసం అక్కడి జనం చేసిన పోరాటాల మీద ఆ పాతికేళ్లలో ఎన్ని సినిమాలు తీశారో వాళ్లే చెప్పాలి.

డైలాగుకూ పాలనకూ మధ్య గీత చెరపడం జగన్‌కు ఇది మొదటిసారి కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్‌ దగ్గర చటాన్‌పల్లిలో, అత్యాచారం, హత్య కేసులో పట్టుబడిన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మూడు రోజులకు ఆంధ్రప్రదేశ్‌ శాసనసభలో ముఖ్యమంత్రి హోదాలో జగన్‌ ఆ పనిని మెచ్చుకున్నారు. సినిమాలో హీరో ఎన్‌కౌంటర్‌ చేస్తే చప్పట్లు కొడతాం, నిజజీవితంలో దమ్మున్నవాడెవడైనా చేస్తే ఢిల్లీ నుంచి మానవ హక్కుల సంఘం వచ్చి తప్పంటుంది అన్నది ఆనాడు ఆయన వాదన. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్‌ సిర్పుర్కర్‌ కమిషన్‌ 2022లో ఏం తేల్చిందో గుర్తు చేసుకోండి. పోలీసులు చెప్పిన ఆయుధాలు లాక్కున్న కథ నమ్మదగినది కాదు. చంపాలనే కాల్చారు. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లు. పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలి. సభలో ‘సినిమాలో అయితే చప్పట్లు కొడతాం కదా’ అన్న నాయకుడే ఇవాళ ‘సినిమా డైలాగే కదా’ అంటున్నారు. ఆనాడు హింసను మెచ్చుకోవడానికి సినిమా సాక్ష్యం, ఈనాడు హింసను తేలిక చేయడానికి సినిమా సాకు. రెండుసార్లూ ఆయన నోటి నుంచి తప్పు అన్న మాట రాలేదు.

అధికార కూటమి ఇప్పుడు చదువుతున్న నీతిపాఠాలు వినే ఓపిక కూడా మాకు లేదు. సినిమా మాటలు సినిమా హాలు వరకే బాగుంటాయని ఉప ముఖ్యమంత్రి పవన్‌ కల్యాణ్‌ అన్నారు. మంచి మాట. మరి 2024 నవంబరులో పిఠాపురంలో, శాంతిభద్రతల విషయంలో యోగి ఆదిత్యనాథ్‌లా వ్యవహరించాల్సి వస్తుందని హెచ్చరించింది ఎవరు? ఎన్‌కౌంటర్లు, బుల్డోజర్లతో పేరు మోసిన ఆ పాలనా పద్ధతి ఏ సినిమా హాలుకు పరిమితమైంది? ఆయన ఆ మాట అన్న తొమ్మిది రోజులకే, ప్రభుత్వమే న్యాయమూర్తి అయిపోయి ఇళ్లు కూల్చడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

మంత్రి నారా లోకేశ్‌ రెడ్‌బుక్‌ మాటేమిటి? చట్టం తప్పినవారిపై చట్టప్రకారం చర్యలకే ఆ పుస్తకం అని ఆయన వివరణ. చట్టప్రకారమే అయితే పోలీస్‌ స్టేషన్లో ఎఫ్‌ఐఆర్‌ పుస్తకం ఉంది, దానికి తోడు నాయకుడి చేతిలో పేర్ల పుస్తకం ఎందుకు? అమెరికా వెళ్లి మరీ మూడో చాప్టర్‌ తెరుస్తామని చెబితే ఈలలు వేసిన కార్యకర్తకు చట్టం అర్థమైందా, పగ అర్థమైందా? 2025 జనవరిలో తిరుపతిలో ‘డాకు మహారాజ్‌’ విడుదలప్పుడు థియేటర్‌ ముందు పొట్టేలు తల నరికి, ఆ నెత్తురు హీరో పోస్టర్‌కు పూశారు. ఆ హీరో హిందూపురం ఎమ్మెల్యే, అధికార పార్టీ నాయకుడు. చుట్టూ ఉన్న గుంపు కేకలు వేస్తూ ఫోన్లలో తీసుకుంది. ఐదుగురిని అరెస్టు చేశారు. దేవుడి పేరుతో కూడా బహిరంగ బలులు కూడదని 1950 నాటి చట్టం ఉన్న రాష్ట్రంలో, ఇప్పుడు పోస్టర్‌కు బలి ఇస్తున్నారు. పోస్టర్‌ ముందు పొట్టేలు తెగితే అభిమానం, ప్లకార్డు మీద పొట్టేలు మాట కనిపిస్తే రౌడీయిజం అని తెలుగుదేశం అంటే నమ్మేదెవరు?

ఇదే మేము పదే పదే అడుగుతున్నది. ఎదుటివాడి చేతిలో కత్తి కనిపిస్తే అందరికీ ప్రజాస్వామ్యం గుర్తొస్తుంది. తమవాడి చేతిలో ఉంటే అది అభిమానం, ఆవేశం, డైలాగు. తమవాణ్ని తప్పుపట్టిన నాయకుడు ఒక్కడంటే ఒక్కడు కనిపించడం లేదు.

ఇదంతా మాటలే కదా, ఎవరి తలా తెగలేదు కదా అనేవారు ఒక్కసారి పల్నాడు వైపు చూడాలి. 2022 జనవరిలో మాచర్ల నియోజకవర్గం గుండ్లపాడులో తెలుగుదేశం గ్రామ నాయకుణ్ని ఊళ్లోనే గొంతు కోసి చంపారు. చంద్రబాబు వచ్చి పాడె మోశారు. 2024 మేలో పోలింగ్‌ రోజున పాల్వాయి గేటు బూత్‌లో సాక్షాత్తూ ఎమ్మెల్యేనే ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ జులైలో వినుకొండలో, జనం తిరిగే నడిరోడ్డు మీద, వైసీపీ కార్యకర్తను కత్తితో నరికి చంపారు. అప్పుడు జగన్‌ వెళ్లి ఆ తల్లిదండ్రులను ఓదార్చారు. ఆ ఇంటి గుమ్మంలో నిలబడిన మనిషే, ఏడాది తిరక్కుండా, అదే జిల్లాలో, నరుకుతామన్న రాతను డైలాగే కదా అన్నారు. వినుకొండలో ఆ కుర్రాడి మీద పడిన వేట్లు ఏ సినిమాలోవి? అతని తల్లికి ‘రప్పా రప్పా’ అన్న మాట ఎలా వినిపిస్తుందో జగన్‌ ఆలోచించారా? గుండ్లపాడులో ఆ ఇల్లాలికి ఎలా వినిపిస్తుంది?

నాయకుడి మాటకు కార్యకర్త దగ్గర ఉండే అర్థం వేరు. గ్రామంలో పొలం గట్టు తగాదా, కాలువ నీళ్ల గొడవ, పంచాయతీ ఎన్నికల కక్ష ఎప్పుడూ ఉండేవే. వాటిని ఏళ్ల తరబడి అదిమి ఉంచేది భయమే తప్ప ఇంకేమీ కాదు. కేసు పడుతుందన్న భయం, పెద్దాయన చీవాట్లు పెడతాడన్న భయం. పెద్దాయనే తప్పేముంది అన్నాక ఆ రెండో భయం పోతుంది. మన వాళ్లు అధికారంలోకి వస్తారు, వచ్చాక కేసులు ఎత్తేస్తారు అన్న ధీమాతో మొదటిదీ పోతుంది. ఆ తర్వాత ఏ ఊళ్లో ఎవడు కొడవలి తీసినా ఫలానా ప్రెస్‌మీట్‌లో ఆయనే ఒప్పుకున్నాడని చెప్పుకుంటాడు. ఒకసారి అనుమతి దొరికిన మాటను రేపు తెలుగుదేశం కార్యకర్తా వాడుకుంటాడు, జనసేన కార్యకర్తా వాడుకుంటాడు. ఇవాళ అరెస్టు చేసిన పోలీసులే రేపు ప్రభుత్వం మారితే దండం పెడతారు. 2029కి ఇంకా నాలుగేళ్లు ఉండగానే ఇలా మొదలైతే, నోటిఫికేషన్‌ నాటికి ప్లకార్డుల మీద ఇంకేం రాస్తారు?

జగన్‌ గారికి సూటిగా చెబుతున్నాం. మీ వెనుక జడ్‌ ప్లస్‌ భద్రత ఉంటుంది. ప్లకార్డు పట్టుకున్నవాడికి వాయిదాలు, బెయిలు పూచీకత్తులు, పాడైపోయిన ఉద్యోగ దరఖాస్తులు ఉంటాయి. మీ మాట విని నిజంగా కత్తి తీసినవాడికి జైలు ఉంటుంది, వాడి చేతిలో పోయినవాడికి పాడె ఉంటుంది. ఈ లెక్క తెలియనంత అమాయకులు కారు మీరు. మీ తాతగారు, మీ చిన్నాన్న హత్యలకే బలయ్యారని ఈ రాష్ట్రానికి తెలుసు. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషికి నరకడం అన్న మాట డైలాగులా ఎలా వినిపించిందో మాకు అర్థం కావడం లేదు. పార్టీ కార్యాలయం నుంచి ఒక్క ప్రకటన చాలు. ఆ రాత తప్పు, అలాంటివి పట్టుకుంటే పార్టీలో చోటు లేదు అని. ముఖ్యమంత్రి చంద్రబాబు కూడా తన వాళ్ల కత్తుల గురించి, తన కుమారుడి పుస్తకం గురించి ఆ మాటే చెప్పాలి. పవన్‌ కల్యాణ్‌ తన పిఠాపురం మాటను వెనక్కి తీసుకోవాలి. ముగ్గురూ గంటల తరబడి ప్రెస్‌మీట్లు పెట్టగలరు. ఒకరి పాపాలు ఒకరు తేదీలతో సహా చదవగలరు. సొంత మనిషిని తప్పురా అని మందలించడానికి మాత్రం ఒక్కరికీ నోరు పెగలడం లేదు, సిగ్గుచేటు.