బకెట్టు మీద తేలు

కిండర్‌గార్టెన్‌లో పిల్లలు ఏమి నేర్చుకుంటారని అడిగితే, బడివారు భాష, గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికం, కళలు అని గళ్ళు గీసిన కాగితం ఒకటి చేతికిస్తారు. ఆ గళ్ళు పెద్దల సౌకర్యార్థం గీసినవే. అయిదేళ్ళ బుర్రలో అటువంటి గోడలేవీ ఉండవు. అక్కడ లెక్కలు నీళ్ళలో తడుస్తాయి, శాస్త్రం చెప్పుల అరలోకి నడిచి వస్తుంది.

మా అమ్మాయి తరగతిలో ఆ వారం వస్తువులను వేరుచేసి జట్లు కట్టడం నేర్పారు. అంకెల కన్నా ముందు రావలసిన గణితం ఇదే. ఏది దేనిని పోలి ఉన్నది, ఏది పోలి లేదు, ఒకే గుండీ రంగును బట్టి ఒక గుంపులోనూ ఆకారాన్ని బట్టి మరొక గుంపులోనూ ఎలా ఇముడుతుంది అన్న వివేకం కుదిరితే లెక్కకు పునాది పడినట్టే. సిద్ధాంతం నిర్దుష్టమైనదే. కాని రైలుకు వేళ మించిపోతున్న ఉదయాన, కుడికాలి చెప్పులన్నీ మంచం కిందా, ఎడమకాలి చెప్పులన్నీ వసారాలోనూ కొలువుతీరి ఉండటం చూశాక దానిమీద గౌరవం నిలుపుకోవడం కష్టం. నడవలో పెద్ద చెంచా, చిన్న చెంచా, పెద్ద చెంచా, చిన్న చెంచా బారులు తీరి ఉన్నాయి. ఇటువంటి క్రమాన్ని పసిగట్టడమే మున్ముందు బీజగణితానికి బీజమట. ఆ బీజం మీద కాలు వేసి మా ఆవిడ జారిపడినంత పని అయింది.

వీటన్నిటి నడుమ ఇంటి తాళంచెవులు కనిపించలేదు. వెతుకుతూ ఉండగానే స్నానాలగదిలోంచి మా అమ్మ కేక వినిపించింది. అక్కడ పళ్ళేలు మూతవేసిన రెండు బకెట్లు ఉన్నాయి. ఒకదానికి అతికించిన కాగితం మీద, వంకరటింకరగానే అయినా తప్పు లేకుండా, “తేలు” అని రాసి ఉంది.

కిందటి వారం జీవులు, నిర్జీవులు అన్న పాఠం కోసం గొంగళిపురుగును పెన్సిలు డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చిన చరిత్ర ఉన్నందువల్ల, ఆ రాతను ఎవరూ శంకించలేదు. మా అమ్మ కుర్చీ ఎక్కింది, మా ఆవిడ మంచం ఎక్కింది. నేను చీపురు పట్టుకుని, దానిని వాడవలసిన అవసరం రాకూడదని కోరుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాను. “తేలు కాదు నాయనమ్మా, తేలు!” అని పిల్ల ఎంత ఓపికగా వివరించినా ఒక్కరికీ బోధపడలేదు. రెండో బకెట్టు కాగితం గోడవైపు తిరిగి ఉన్నందున, దానిమీద “మునుగు” అని ఉన్న సంగతి తరువాత గాని తెలియలేదు.

రాతకు అర్థం ఉంటుందనీ, అది చదివినవారిచేత ఏదో ఒక పని చేయిస్తుందనీ గ్రహించడం ఆ వయసు భాషా పాఠాలలో అతి ముఖ్యమైనది. రెండే అక్షరాలతో ఇంటిల్లిపాదినీ గట్టెక్కించిన రచయితలు సాహిత్యంలో ఎక్కువమంది ఉండరని నా నమ్మకం.

చివరికి మా అమ్మాయే ముందుకు వచ్చి మూత తీసింది. ఏ వస్తువు ఏమవుతుందో ముందుగా ఊహించాలి, తరువాత నీళ్ళలో వేయాలి, చూసినది పట్టికలో గుర్తుపెట్టాలి: ఇదీ విజ్ఞానశాస్త్రం. పెద్దవి మునుగుతాయనీ చిన్నవి తేలుతాయనీ మొదట ఊహించిందట. పెద్ద చెక్కగరిటె తేలి, చిన్న తాళంచెవుల గుత్తి మునిగిపోయేసరికి అమితానందం పొందింది. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఈ తరహా బడికి శ్రీకారం చుట్టిన ఫ్రోబెల్ పిల్లల చేతికి ఇచ్చినవి ఊలు బంతులు, చెక్క గోళాలు, ఘనాలు, స్తూపాలు. తాళంచెవులు ఆ జాబితాలో లేవని ఎవరితో మొరపెట్టుకోను?

గుత్తి కోసం ముగ్గురమూ ఒకేసారి చేతులు చాచగా, ఒకరి తరువాత ఒకరే రావాలని సాంఘిక పాఠం అడ్డువచ్చింది. వరుసలో నిలబడ్డాము. అరిచినవారు చివరికి వెళ్ళాలన్న నియమం వల్ల మా అమ్మ చివరికి వెళ్ళింది.

తాళంచెవులు చిక్కాయి కదా అన్న ధీమాతో “తేలు” బకెట్టులోకి కూడా తొంగిచూశాను. దువ్వెన, సీసా మూత, చెక్కగరిటె హాయిగా తేలుతున్నాయి. అడుగున మాత్రం నాని మెత్తబడిన కాగితాలు పడి ఉన్నాయి. అవి మా రైలు టికెట్లు. “ఇవి ఇందాక తేలాయి నాన్నా!” అని మా అమ్మాయి కాసేపు ఆశ్చర్యపోయి, రుజువుకు తలవంచే శాస్త్రజ్ఞురాలి నిజాయితీతో పట్టికలోని పాత గుర్తును కొట్టివేసి, పక్కగడిలో కొత్త గుర్తు పెట్టింది.