సవరణ: హనుమంతుడి తోలుబొమ్మ జావాది కాదు

చెన్నైలోని మా ఇంట నేను సేకరించి ఉంచిన దేశదేశాల పాత జానపద కళాఖండాల గురించి గత వారం రాసినప్పుడు, మైలాపూరులో కొన్న హనుమంతుడి బొమ్మను ఇండోనేషియాలోని జావా ద్వీపపు వయాంగ్ కులిత్ (తెరపై నీడలతో ఆడించే తోలుబొమ్మలాట) బొమ్మగా పేర్కొన్నాను. అది పొరపాటు. అది మన తెలుగువారి తోలుబొమ్మ.

జావా బొమ్మను గేదె తోలుతో, సన్నని ఉలిపనితో చేస్తారు. దానికి ఎన్ని రంగులు వేసినా తెర మీద పడేది ప్రధానంగా నల్లని నీడే. మనవారు మేకతోలును వెలుగు దూరేంత పలుచగా గీకి రంగులద్దుతారు కనుక, వెనుక దీపం పెడితే ఆ రంగులే తెరపైకి వస్తాయి. నా బొమ్మను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టగానే తోక పొడవునా ఎరుపు, ఆకుపచ్చ మెరిశాయి. ఆభరణాల చోట పొడిచిన రంధ్రాల గుండా వెలుగు చుక్కలుగా దిగింది. ఈ పరీక్ష కొన్ననాడే చేసి ఉండవలసింది. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో నేటికీ ఈ బొమ్మలు చేసే కుటుంబాలు ఉండగా, వారి విద్యను మరో దేశానికి ఆపాదించినందుకు బాధపడుతున్నాను.

ఆ బొమ్మ “వందేళ్ల నాటిది” అని అప్పుడు రాసిన మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. అది అమ్మినవారు నోటిమాటగా చెప్పినదే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళాఖండాన్ని వ్యక్తులు సొంతంగా విదేశాలకు పంపరాదు కనుక, ఆధారం లేకుండా వయసు రాయడం సేకర్తలకు తగదు.