సవరణ: పాపాలు మోపిన మేకను వధించలేదు

ప్రాయశ్చిత్త దినం (ప్రాచీన ఇశ్రాయేలీయులు పాపక్షమాపణ కోసం ఏడాదికోసారి ఆచరించిన రోజు) గురించిన మొన్నటి పోస్టులో “ప్రజల పాపాలు మేక తలమీద మోపి దాన్ని బలి ఇచ్చేవారు” అని ఉంది. అది సరికాదు. బైబిల్లోని లేవీయకాండం 16లో మేకలు రెండు. యెహోవా పేరున చీటి పడినదాన్ని వధించి, ప్రధాన యాజకుడైన అహరోను దాని రక్తాన్ని పరిశుద్ధ స్థలంలోని అడ్డతెర లోపలికి తెచ్చి కరుణాపీఠం (మందసం పైమూత) మీద, దాని ఎదుట ప్రోక్షించాలి. రెండోది ప్రాణంతోనే ఉంటుంది. అహరోను రెండు చేతులూ దాని తలమీద ఉంచి, ఇశ్రాయేలీయుల దోషాలన్నీ ఒప్పుకున్నాక, ఒక మనిషి దాన్ని అరణ్యంలోకి తోలుకెళ్లి వదిలేస్తాడు. రక్తం పరిశుద్ధ స్థలానికి ప్రాయశ్చిత్తం. దోషాలను జనం మధ్యనుంచి మోసుకుపోయేది బతికున్న మేక. ఈ రెండు పనులూ సిలువలో యేసు ఒక్కరిలోనే నెరవేరాయని క్రైస్తవ విశ్వాసం. అందుకే ఒక మేకను మరిచిపోతే సగం సువార్త జారిపోతుంది. హెబ్రీయులకు 13:11-12 కూడా చదవండి: బలిపశువుల కళేబరాలను పాళెం (ప్రజల విడిది) వెలుపల కాల్చేవారు, యేసు గవిని (పట్టణ ద్వారం) వెలుపల శ్రమపడ్డాడు.