సవరణ: లైబ్రరీకి వచ్చిన కొత్త పుస్తకాలు

మొన్నటి పోస్టులో “టెన్త్, ఇంటర్ పిల్లలకు మన ఊరి లైబ్రరీలో కొత్త పుస్తకాలు వచ్చాయి” అని రాశాను. అది చూసి కొందరు తల్లిదండ్రులు గైడ్లు, ఎంసెట్ మెటీరియల్ కోసం వచ్చారు. అవి కావండి. ఇవన్నీ కథలు, నవలలు, బొమ్మల కథలు. పిల్లలు సరదాగా చదువుకోవడానికే. పరీక్షలతో వీటికి సంబంధం లేదు, సగంలో నచ్చకపోతే తిరిగిచ్చేసి ఇంకోటి తీసుకోవచ్చు.

ఇంకొకటి. కొత్త పుస్తకాల లిస్టులో “బారిస్టర్ పార్వతీశం” అని పేరు మాత్రమే ఉంది, ఏ భాగమో లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఆ నవల మూడు భాగాలు. మనకొచ్చింది మొదటి భాగం. అయినా ముందు దాన్నే తీయమంటాను. కథానాయకుడు పార్వతీశానిది మన మొగల్తూరే. నరసాపురంలో స్టీమరెక్కి కాలవ మీద నిడదవోలు చేరి, అక్కడ రైలెక్కుతాడు. ఆ కాలవ గట్టు మీదే రోజూ సైకిలు తొక్కే పిల్లలకు ఆ పేజీలు ఎంత దగ్గరగా ఉంటాయో! నిన్న ఒకమ్మాయి బీరువా దగ్గరే నిలబడి, బ్యాగు భుజాన ఉండగానే, పది పేజీలు చదివేసింది.

దయచేసి “ఇది చదివితే మార్కులొస్తాయా” అని పిల్లల్ని అడగకండి.