సవరణ: డోరెన్స్ టైటిళ్లు 22 కరెక్టే, కానీ అన్నీ ఎన్‌సీఏఏవి కావు

అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ అమ్మాయిల సాకర్ టీమ్‌ని నిలబెట్టిన కోచ్ ఆన్సన్ డోరెన్స్ గురించి పెట్టిన పోస్టులో ఆయన 22 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంఘం) టైటిళ్లు గెలిచారని రాశాను. అది తప్పు, రెండు లెక్కలు కలిపేశాను. ఎన్‌సీఏఏవి 21. మిగిలిన ఒక్కటి 1981లో ఏఐఏడబ్ల్యూ అనే సంఘం పెట్టిన టోర్నీది, ఎందుకంటే మహిళల సాకర్‌కి ఎన్‌సీఏఏ పోటీ మొదలైందే 1982లో. యూనివర్సిటీ రికార్డుల్లోనూ ఎన్‌సీఏఏ విజేతల జాబితాలోనూ ఇలాగే ఉంది.

ఇంకో తిరకాసు ఏంటంటే, యూనివర్సిటీకి ఇప్పుడు 22 ఎన్‌సీఏఏ టైటిళ్లు నిజంగానే ఉన్నాయి, అయితే 2024లో వచ్చింది డోరెన్స్ ఖాతాలోకి రాదు. ఆయన ఆ ఆగస్టులోనే, సీజన్ మొదలయ్యే ముందు తప్పుకున్నారు. గెలిపించింది తాత్కాలిక కోచ్ డేమన్ నహాస్.

డోరెన్స్ ప్రాక్టీస్‌లో ఆటగాళ్లకి ర్యాంకులు ఇచ్చేవారని అదే పోస్టులో రాస్తే కొందరు ఓడినవాళ్లకి అదేదో శిక్ష అనుకున్నారు, అది కాదు నేను చెప్పింది. ఒకరి మీద ఒకరు ఆడే పోటీలు, పరుగు పందేలు, చిన్న మ్యాచ్‌లు, అన్నింట్లో ఎవరు గెలిచారో రాసుకుని ఆ లిస్టు అందరికీ కనపడేలా బోర్డు మీద పెట్టేవారు. ఈ ఆలోచన డోరెన్స్ అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీసులు చూసి పట్టుకున్నదే. టెన్షన్ ఉండేది, కాదనను. 1986 నుంచి 1994 దాకా వరసగా తొమ్మిది టైటిళ్లని ఆ పోస్టులో రాసిన మాట మాత్రం సరైనదే, అందులో మార్పు లేదు.