జపాన్ కిక్కిరిసింది, న్యూజిలాండ్ విశాలంగా ఉంది: కారణం వాతావరణం కాదు

2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని భూకంపం కుదిపేసింది. 185 మంది చనిపోయారు. వారిలో 28 మంది జపాన్ దేశస్థులు. శిథిలాల్లో వెతకడానికి జపాన్ నుంచి సహాయక దళం వచ్చింది. సరిగ్గా 17 రోజులకు, మార్చి 11న, జపాన్ ఈశాన్య తీరంలో 9.0 తీవ్రతతో భూమి కంపించింది. సునామీలో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 18 వేలకు పైనే. ఈసారి న్యూజిలాండ్ దళం జపాన్‌కు బయల్దేరింది.

ఒకటి ఉత్తరార్ధగోళంలో, ఇంకొకటి దక్షిణార్ధగోళంలో. మధ్యలో వేల కిలోమీటర్ల పసిఫిక్. అయినా పటం మీద ఈ రెండు దేశాలు కవలల్లా కనిపిస్తాయి. రెండూ పసిఫిక్ చుట్టూ భూకంపాలు, అగ్నిపర్వతాలు ఎక్కువగా ఉండే అగ్నివలయం మీదే ఉన్నాయి. రెండూ ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా సాగిన ద్వీపాలు, రెండింటికీ వెన్నెముకలా కొండలు. జపాన్ విస్తీర్ణం సుమారు 3,78,000 చదరపు కిలోమీటర్లు, న్యూజిలాండ్‌ది 2,68,000. ఫుజి శిఖరం ఎత్తు 3,776 మీటర్లు, న్యూజిలాండ్‌లో ఎత్తైన అవొరాకి 3,724. తేడా 52 మీటర్లే.

ఇక జనాభా చూడండి. జపాన్‌లో సుమారు 12.4 కోట్లు, న్యూజిలాండ్‌లో 53 లక్షలు. చదరపు కిలోమీటరుకు అక్కడ 330 మంది, ఇక్కడ 20 మంది.

ఎందుకింత తేడా అంటే చాలామంది ఠక్కున చెప్పే జవాబు వాతావరణం, భూగోళం. పాఠ్యపుస్తకాలు కూడా మనకు అలాగే నేర్పాయి: ముందు శీతోష్ణస్థితి, తర్వాత నైసర్గిక స్వరూపం, ఆ తర్వాత జనాభా, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టు. నాకు ఈ వరస ఎప్పుడూ మింగుడు పడలేదు. ఈ రెండు దేశాలను పక్కపక్కన పెడితే అది నిలబడదు కూడా.

వాతావరణమే జనాభాను తేల్చేదైతే జనం న్యూజిలాండ్‌లోనే ఎక్కువ ఉండాలి. భూమధ్యరేఖ నుంచి జపాన్ ఉత్తరాది నగరం సపోరో ఎంత దూరమో క్రైస్ట్‌చర్చ్ కూడా దాదాపు అంతే దూరం. నడి చలికాలంలో సపోరో సగటు ఉష్ణోగ్రత సున్నాకు మూడు డిగ్రీల కింద ఉంటే, క్రైస్ట్‌చర్చ్‌లో సున్నాకు ఆరు డిగ్రీల పైన ఉంటుంది. సైబీరియా నుంచి వీచే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమను పీల్చుకుని పశ్చిమ తీరమంతా మంచు కుమ్మరిస్తుంది. వేసవిలో వానాకాలపు ఉక్క, ఆ వెనకే తుపాన్లు. న్యూజిలాండ్‌లో అంత చలీ లేదు, అంత ఉక్కా లేదు. పడమటి గాలుల వల్ల దక్షిణ ద్వీపం పశ్చిమాన మిల్‌ఫోర్డ్ సౌండ్‌లో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. అక్కడి దక్షిణ ఆల్ప్స్ కొండలు దాటి సెంట్రల్ ఒటాగోకు వస్తే చాలాచోట్ల 400 మిల్లీమీటర్లు కూడా పడదు. అయినా మనిషి బతకడానికి హాయైన వాతావరణం ఎక్కడుందంటే నేను తడుముకోకుండా న్యూజిలాండ్ అనే అంటాను.

అవతలివాళ్ళ వాదనలో కొంత బలం ఉంది, కాదనను. వరికి వెచ్చని వేసవి, సరైన వేళకు వాన కావాలి. జపాన్‌కు ఆ రెండూ ఉన్నాయి, న్యూజిలాండ్ వేసవి చల్లన. పైగా జపాన్ ఆసియా ఖండానికి పక్కనే ఉంది. న్యూజిలాండ్‌ను వెతుక్కుంటూ సముద్రాలు దాటాలి. కాబట్టి అంతా భూగోళమే చేసిందని వాళ్ళు అంటారు. మరి జపాన్‌లోనే ఉత్తర కొసన ఉన్న హొక్కైడో ద్వీపం సంగతేమిటి?

హొక్కైడో విస్తీర్ణం సుమారు 83,000 చదరపు కిలోమీటర్లు, న్యూజిలాండ్‌లో మూడో వంతు కూడా లేదు. దాని రాజధాని సపోరోలో ఒక్క చలికాలంలో కురిసే మంచంతా కలిపితే దాదాపు ఐదు మీటర్లు. అలాంటి నగరంలో దాదాపు 20 లక్షల మంది కాపురం ఉంటున్నారు. హొక్కైడో మొత్తం జనాభా సుమారు 50 లక్షలు, అంటే ఇంచుమించు న్యూజిలాండ్ దేశమంత! జపాన్‌లోకెల్లా చలి ఎక్కువైన ద్వీపం, న్యూజిలాండ్‌లో మూడో వంతు నేల కూడా లేకుండా, ఇంచుమించు ఆ దేశమంత జనాన్ని మోస్తోంది. వాతావరణ సిద్ధాంతానికి ఇక్కడ నోట మాట రాదు.

ఇక వరి సంగతి. 1869 తర్వాత అప్పటి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం హొక్కైడోకు వలసదారులను తరలించడం మొదలుపెట్టినప్పుడు, అమెరికా నుంచి పిలిపించిన నిపుణులు అక్కడ గోధుమ వేయండి, పశువులను పెంచండి అన్నారు. వరి పండదన్నది అందరి మాట. 1873లో షిమమాత్సులో నకయమ క్యూజో అనే రైతు వరి పండించి చూపించాడు. చల్లటి నీళ్ళకు నారు చచ్చిపోకుండా స్నానానికి కాచిన వేడినీళ్ళు మోసుకెళ్ళి మడిలో పోశాడని చెబుతారు. ఆ తర్వాత తరతరాల రైతులు, పరిశోధకులు చలికి తట్టుకునే వంగడాలు తయారుచేశారు. ఇవాళ జపాన్‌లో వరి ఎక్కువగా పండే ప్రాంతాల్లో హొక్కైడోది ముందు వరస. వాతావరణం 'కాదు' అన్నచోట మనిషి 'అవును' అనిపించాడు.

జనాభాకు అసలు లెక్క ఇక్కడే దొరుకుతుంది. వరి చేతులు అడిగే పంట. గట్లు వేయాలి, నీళ్ళు కట్టాలి, నారు పోయాలి, నాట్లు వేయాలి, కలుపు తీయాలి. ఎంతమంది పనిచేస్తే అంత పండుతుంది, పండినకొద్దీ ఇంకొంతమంది బతుకుతారు. రెండు వేల ఏళ్ళకు పైగా జపాన్ ఈ పని చేస్తూనే ఉంది. దేశంలో మూడింట రెండు వంతులు అడవే అయినా, మిగిలిన సన్నని మైదానాల్లో పద్దెనిమిదో శతాబ్దం నాటికే సుమారు మూడు కోట్ల మంది ఉండేవారు. అప్పటికి బయటి ప్రపంచంతో వ్యాపారం నామమాత్రం, తిండంతా ఇంట్లోదే.

న్యూజిలాండ్‌లో మనిషి అడుగుపెట్టిందే సుమారు 700 ఏళ్ళ కిందట. పాలినేసియా నుంచి పడవల్లో వచ్చిన మావోరీలు తెచ్చుకున్న ఉష్ణమండలపు పంటల్లో కొబ్బరి, అరటి ఆ చల్లటి నేలలో బతకలేదు. చిలగడదుంప బతికింది, అదీ దక్షిణ ద్వీపంలో సగం దాకానే. ఆరేడు తరాల్లోనే మోవా అనే ఎగరలేని పెద్ద పక్షులు అంతరించాయి. 1769లో ఇంగ్లిష్ నావికుడు జేమ్స్ కుక్ వచ్చేనాటికి అక్కడి జనం లక్ష దరిదాపుల్లో ఉంటారని అంచనా. తర్వాత వచ్చిన బ్రిటిష్‌వాళ్ళు గొర్రెలను తెచ్చారు. గొర్రెలకు చేతులు అక్కర్లేదు. ఒక మనిషి, రెండు కుక్కలు వందల గొర్రెలను తోలుకుపోతాయి. 1882లో 'డునెడిన్' అనే ఓడ గడ్డకట్టించిన మాంసంతో బయల్దేరి 98 రోజులకు లండన్ చేరింది. ఆ రోజు నుంచి న్యూజిలాండ్ నేల తన మీద లేని జనానికి తిండి పెడుతోంది. 1982లో అక్కడ మనుషులు 32 లక్షలు, గొర్రెలు ఏడు కోట్లు. ఇవాళ గొర్రెలు తగ్గి ఆవులు పెరిగాయి. పాల ఉత్పత్తుల్లో చాలా భాగం ఓడలెక్కి వెళ్ళిపోతుంది. ఆ నేల కోట్లమందిని పోషించగలదు, పోషిస్తోంది కూడా. తినేవాళ్ళు ఉండేది మాత్రం వేరే దేశాల్లో.

అందుకే న్యూజిలాండ్‌ను 'ఖాళీ దేశం' అంటే నాకు కోపం వస్తుంది. ఈ 'ఖాళీ' అనే మాట చేసిన అన్యాయం చిన్నది కాదు. 1840లో వైతంగిలో మావోరీ పెద్దలు, బ్రిటిష్‌వాళ్ళు ఒప్పందం రాసుకున్నారు. పాతికేళ్ళు తిరక్కుండానే భూముల కోసం యుద్ధాలు, జప్తులు మొదలయ్యాయి. జబ్బులు, భూమి పోవడం, ఆకలి కలిసి 1896 నాటికి మావోరీల సంఖ్యను 42 వేలకు దించాయి. హొక్కైడోలోనూ ఇదే కథ. అక్కడ ఐనూ ప్రజలు ఎన్నో తరాలుగా సాల్మన్ చేపలు పట్టుకుని, జింకలను వేటాడుకుని బతికేవారు. వలసలు పెరిగాక చేపలు పట్టొద్దన్నారు, వేటాడొద్దన్నారు. 1899లో 'రక్షణ' పేరుతో చట్టం తెచ్చి వాళ్ళను రైతులుగా మార్చబోయారు. ఐనూలను స్థానిక ప్రజలుగా జపాన్ పార్లమెంటు గుర్తించడానికి 2008 దాకా పట్టింది. మావోరీలు కోలుకున్నారు. 2023 జనగణనలో దాదాపు 8.9 లక్షల మంది తమను మావోరీలుగా చెప్పుకున్నారు. వాతావరణం మారి 42 వేలు తొమ్మిది లక్షలకు చేరువయ్యాయా?

ఇవాళ ఈ రెండు దేశాల దారులు వేరుకావడం కూడా మనుషుల నిర్ణయమే. సంతానం రెండు చోట్లా తగ్గింది. జపాన్‌లో 2024లో పుట్టిన పిల్లలు ఏడు లక్షల లోపే, జనాభా 2008 నుంచి దిగజారుతోంది. న్యూజిలాండ్‌లోనూ ఒక స్త్రీకి సగటున ఇద్దరు పిల్లలు లేరు, అయినా జనాభా పెరుగుతోంది. అక్కడ ఉంటున్నవారిలో నూటికి 28 మందికి పైగా బయట పుట్టినవారే. వలసల తలుపు మొదటి నుంచీ తెరిచి లేదు. 1881లో చైనీయుల మీద తలపన్ను వేసిన దేశమది. ఆ పన్ను 1944 దాకా రద్దు కాలేదు, క్షమాపణ 2002లో గానీ రాలేదు. ఏ దేశం నుంచి వచ్చారన్నది చూసి ఎంచుకునే పద్ధతిని 1987 చట్టంతో వదిలేశాక దేశం రూపమే మారిపోయింది. జపాన్ 2019లో కొత్త వీసా తెచ్చి తలుపు కొద్దిగా తీసింది. విదేశీయులు ఇప్పటికీ నూటికి ముగ్గురే. జపాన్ ఆ తలుపు ఇంకా బాగా తీయాలన్నది నా గట్టి అభిప్రాయం. కిక్కిరిసిన దేశమని పేరుపడ్డ చోట 2023 లెక్క ప్రకారం దాదాపు 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి.

హొక్కైడోలో యూబరి అనే ఊరుంది. బొగ్గు గనులు నడిచిన రోజుల్లో, 1960లో, అక్కడ లక్షా పదహారు వేల మందికి పైగా ఉండేవారు. గనులు మూతపడ్డాయి, 2007లో పురపాలక సంస్థ దివాలా తీసింది. ఇప్పుడు జనం ఏడు వేల లోపు. కొండలు అవే, మంచు అదే. ఊళ్ళో మిగిలింది ఒకే ఒక్క ప్రాథమిక పాఠశాల.